నిట్రాడు నిలబడే ఉంది కదా అని…

(యువజన శిక్షణ తరగతుల్లో మాట్లాడిన మాటలివి. రాసి పెట్టమని చాలామంది అడిగారు. మాట్లాడినట్టే ఉంచాను.)



ఇవాళ పోడు గురించి మాట్లాడను. పట్టాల గురించి, గ్రామసభ గురించి కూడా మాట్లాడను. అవి రోజూ మాట్లాడుకునేవే. ఇవాళ ఒంటి గురించి, రక్తం గురించి మాట్లాడతాను. ముందుగా నా తప్పొకటి మీ ముందు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కింద ఒక గూడెంలో మీటింగ్ పెట్టుకున్నాం. ఇప్పచెట్టు కింద పాతికమందిమి కూర్చున్నాం. మాటల్లో మాటగా రోగాల సంగతి వచ్చింది. ఎవరో హెచ్ఐవీ పేరెత్తారు. నేను డిగ్రీ చదివినోణ్ణి, మైకు లేకపోయినా గొంతున్నోణ్ణి. ఏమన్నానో తెలుసా? "అవన్నీ పట్నం రోగాలు. మనం అడవి బిడ్డలం. దుంపలు తిని, కొండలెక్కి పెరిగిన ఒళ్లు. మన రక్తం గట్టిది, ఏదైనా తట్టుకుంటుంది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ బాగా అనిపించింది.

ఆ పాతికమందిలో ఒక అన్న ఉన్నాడు. ఆయనకు అప్పటికే పరీక్షలో హెచ్ఐవీ ఉందని తేలింది. మందులు కూడా ఇచ్చారు. కొన్ని నెలలు వేసుకున్నాడు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. ఒంట్లో బాగానే ఉంది, నాగలి పట్టగలుగుతున్నాడు, మోపు ఎత్తగలుగుతున్నాడు. నా మాటలు విని ఇంటికి పోయి మందు డబ్బా పక్కన పెట్టేశాడు.

రెండేళ్లు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక వానాకాలం ఆయన్ని మంచానికి తాళ్లు కట్టి మోసుకుంటూ రోడ్డు దాకా తెచ్చారు. టీబీ. సీడీ4 లెక్క 61. మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆస్పత్రిలో ఆయన నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అన్నాడు: "నువ్వే చెప్పినవ్ కదా తమ్మీ, మన రక్తం గట్టిదని."

ఆయన బతికాడు. కానీ రెండు పంట కాలాలు పోయాయి, ఎడ్లు అమ్ముకున్నాడు. ఈ సంగతి చెప్పమని ఆయనే అన్నాడు. పేరు చెప్పను, గూడెం చెప్పను, మీరు కూడా అడగొద్దు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ప్రశ్న. కొందరు ఈ వైరస్‌తో ఏళ్లకేళ్లు ఎందుకు బాగుంటారు? కొందరు రెండు మూడేళ్లలోనే ఎందుకు పడిపోతారు? డాక్టర్లను అడిగాను, దొరికింది చదివాను. తెలిసింది మన ఇంటి భాషలో చెప్తా.

మన గుడిసెకు నడిమధ్య నిట్రాడు ఉంటుంది కదా. దానికి చెదలు పట్టిందనుకోండి. బయటి నుంచి చూస్తే కర్ర కర్రలాగే ఉంటుంది. ఇల్లు నిలబడే ఉంటుంది. లోపల మాత్రం రోజూ తొలుస్తూనే ఉంటాయి. ఒక గాలివాన రాత్రి ఇల్లు కూలుతుంది. అప్పుడు మనం గాలివానను తిట్టుకుంటాం.

హెచ్ఐవీ చేసేది సరిగ్గా ఇదే. మన రక్తంలో సీడీ4 అనే కణాలుంటాయి. రోగాలొస్తే మిగతా సైన్యాన్ని లేపి నడిపించేవి అవే. వైరస్ వాటిలోకే దూరి, వాటినే తినేసి పెరుగుతుంది. సీడీ4 లెక్క అంటే నిట్రాడులో ఇంకా ఎంత కర్ర మిగిలిందో చెప్పే లెక్క. మామూలు మనిషికి ఇది 500 పైనే ఉంటుంది. 200 కిందికి పడితే ఎయిడ్స్ దశ అంటారు. అప్పుడు టీబీ లాంటివి గాలివానలా వచ్చి పడతాయి.

వైరల్ లోడ్ అంటే చెదల లెక్క. ఒక మిల్లీలీటర్ ప్లాస్మాలో, అంటే రక్తంలోని నీటి భాగంలో, వైరస్ కాపీలు ఎన్ని ఉన్నాయో చెప్తుంది. కొత్తగా సోకినప్పుడు అది లక్షల్లోకి ఎగబాకుతుంది. జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చి పోతాయి, మలేరియా అనుకుని మర్చిపోతాం. తర్వాత ఒంట్లోని సైన్యం తిరగబడుతుంది, లెక్క కొంత దిగి ఒక మట్టం దగ్గర ఆగుతుంది. ఆ మట్టం మనిషి మనిషికీ వేరు. ఒకరికి కొన్ని వందలు, ఇంకొకరికి లక్ష దాటి ఉండొచ్చు. ఇద్దరూ అద్దంలో చూసుకుంటే ఒకేలా కనబడతారు. ఇద్దరూ సంతకు నడిచే పోతారు.

ఒకప్పుడు డాక్టర్లు కూడా ఈ నిమ్మళంగా ఉండే కాలంలో వైరస్ నిద్రపోతుందనుకున్నారు. 1995లో తెలిసింది, అది నిద్ర కాదని. మనిషి హాయిగా తిరుగుతున్న రోజుల్లో కూడా వైరస్ రోజుకు వందల కోట్లలో పుడుతోంది, ఒళ్లు వాటిని చంపుతోంది, మళ్లీ పుడుతున్నాయి. పైకి కనబడని యుద్ధం అది.

ఆ మట్టాన్ని బట్టి ముందు ముందు ఏమవుతుందో చెప్పొచ్చని అమెరికాలో తేల్చారు. అక్కడ 1984లో నాలుగు నగరాల్లో వేలమంది మగవాళ్లతో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. వాళ్ల రక్తం గడ్డకట్టించి దాచారు, ఏళ్ల తరబడి వాళ్లను గమనించారు. తర్వాత దాచిన రక్తంలో వైరల్ లోడ్ కొలిచారు. 1997లో వచ్చిన లెక్క ఇది: వైరల్ లోడ్ 30,000 దాటినవాళ్లలో ఆరేళ్లు తిరక్కుండానే 80 శాతం మంది ఎయిడ్స్ దశకు చేరారు. 500 లోపు ఉన్నవాళ్లలో అలా చేరింది సుమారు 5 శాతం. నూటికి ఎనభై ఎక్కడ, నూటికి ఐదు ఎక్కడ! మొదట్లో చూస్తే వీళ్లందరూ మామూలుగా కనబడ్డవాళ్లే.

మందు లేకపోతే సోకిన దగ్గర్నుంచి ఎయిడ్స్ దాకా సగటున పదేళ్లు పడుతుంది. కొందరికి రెండు మూడేళ్లే. చాలా కొద్దిమందికి ఇరవై ఏళ్లు దాటినా ఏమీ కాదు. నూటికి ఒక్కరికన్నా తక్కువమందికి, మందు లేకుండానే వైరల్ లోడ్ 50 లోపు ఉంటుంది.

ఇప్పుడు మీకు వచ్చే ఆలోచన నాకు తెలుసు. "మరి ఆ కొద్దిమంది మన అడవోళ్లే అయి ఉండొచ్చు కదా అన్నా?"

నేనూ అదే వెతికాను. నిజం చెప్తున్నా, అలా దొరకాలని కోరుకుంటూ వెతికాను. దొరకలేదు. రోగం నెమ్మదిగా నడవడానికి కారణాలు వేరే ఉన్నాయి.

ఒకటి, చెదలే బలహీనమైనవి కావడం. ఆస్ట్రేలియాలోని సిడ్నీ వైపు 1980ల మొదట్లో ఒక మనిషి రక్తదానం చేశాడు. అప్పటికి హెచ్ఐవీ పరీక్ష ఇంకా రాలేదు. ఆయన రక్తం ఎక్కించుకున్న కొందరికి వైరస్ సోకింది. ఏళ్లు గడుస్తున్నా ఆయనా బాగున్నాడు, ఆ రక్తం ఎక్కించుకున్నవాళ్లలో చాలామందీ మందులు లేకుండా బాగున్నారు. 1995లో కారణం తేలింది. వాళ్లందరిలో ఉన్న వైరస్‌లో నెఫ్ అనే జన్యువు ముక్క ఊడిపోయి ఉంది. కోరలు అరిగిన చెదలన్నమాట. అది వాళ్ల గొప్పతనం కాదు, ఆ వైరస్ లోపం. అసలు సంగతి ఇంకా ఉంది. పదిహేనేళ్లు అటూ ఇటూ అయ్యాక వాళ్లలో కొందరికి కూడా సీడీ4 పడిపోవడం మొదలైంది. రక్తం ఇచ్చిన ఆ మనిషికి కూడా. కోరలు అరిగినా చెదలు చెదలే.

రెండు, కర్ర చేవ. మన ఒంట్లో ఏ కణం సొంతది, ఏది పరాయిది అని గుర్తుపట్టే గుర్తులుంటాయి, వాటిని హెచ్ఎల్ఏ అంటారు. అందులో బీ57, బీ27 అనే రకాలున్నవాళ్లలో చాలామందికి రోగం నెమ్మదిగా నడుస్తుంది. అందరికీ కాదు. ఆ రకాలు ఏ ఒక్క తెగ సొత్తూ కాదు, ప్రపంచంలో చాలాచోట్ల కొద్దికొద్దిమందిలో ఉంటాయి. ఇంకొకటి సీసీఆర్5 అనే తలుపు. చాలా రకాల హెచ్ఐవీ కణంలోకి దూరేది ఆ తలుపు గుండానే. ఉత్తర ఐరోపాలో కొందరికి పుట్టుకతోనే ఆ తలుపు ఉండదు. మన దేశంలో అలాంటివాళ్లు చాలా అరుదు. ఇవేవీ దుంపలు తింటే వచ్చేవి కావు, కొండలెక్కితే వచ్చేవి కావు. మొహం చూసి ఎవరూ చెప్పలేరు.

ఇంకొక పేరు చెప్తా. కాలిఫోర్నియాలో లోరీన్ విలెన్‌బర్గ్ అనే ఆమె ఉంది. 1992లో హెచ్ఐవీ ఉందని తేలింది. మందులు వాడకుండానే దశాబ్దాలు ఆరోగ్యంగా ఉంది. 2020లో శాస్త్రవేత్తలు ఆమె రక్తకణాలు 150 కోట్ల దాకా వెతికారు. మళ్లీ పెరగగలిగిన నిండు వైరస్ ఒక్కటీ దొరకలేదు. ఎందుకు ప్రపంచమంతా ఆమె గురించి రాసింది? అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువ కాబట్టి. ఆమె ఏం చేసిందో కూడా గమనించండి. నాకేం కాదులే అని ఇంట్లో కూర్చోలేదు. పరీక్షలకు పోతూనే ఉంది, పరిశోధనకు రక్తం ఇస్తూనే ఉంది. తన లెక్క తనకు తెలుసు.

మన అన్నకు తన లెక్క తెలియదు. ఆయనకున్నది ధైర్యం, దాంతోపాటు నా ఉపన్యాసం. అంతే తేడా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన ఒంటి మీద మనకు గర్వం ఉండటం తప్పు కాదు. మనల్ని వెనకబడినోళ్లు అని తక్కువ చేసే లోకంలో ఆ గర్వం మనకు కావాలి. కానీ ఆ గర్వాన్ని మందుల స్థానంలో పెట్టినప్పుడు అది మన మనుషుల్నే తింటుంది. ఒళ్లు బాగుంది అనేది ఆ రోజు సంగతి మాత్రమే చెప్తుంది. రేపటి సంగతి చెప్పేది ఆ రెండు లెక్కలే.

మరి నెమ్మదిగా నడిచే ఆ అదృష్టం అందరికీ రాదా? వస్తుంది. దానికి జన్యువులు అక్కర్లేదు. రోజుకు ఒక మాత్ర చాలు.

ఇప్పుడు మన దేశంలో పెద్దవాళ్లకు ఎక్కువగా ఇస్తున్నది మూడు మందులు కలిపిన ఒకే మాత్ర: టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్. క్రమం తప్పకుండా వేసుకుంటే చాలామందికి ఆరు నెలల్లోపే వైరల్ లోడ్ పరీక్షకు అందనంత కిందికి పోతుంది. అంటే పుట్టుకతో నూటికి ఒక్కరికి కూడా దొరకనిది, మాత్రతో దాదాపు అందరికీ దొరుకుతుంది.

"సీడీ4 బాగానే ఉంది కదా, పడిపోయాక మొదలుపెడదాం" అనేవాళ్లుంటారు. ఒకప్పుడు డాక్టర్లు కూడా అలాగే ఆపేవాళ్లు. 35 దేశాల్లో 4,685 మందితో ఒక అధ్యయనం చేశారు. అందరికీ సీడీ4 500 పైనే. సగంమందికి వెంటనే మందు మొదలుపెట్టారు, సగంమందికి పడిపోయేదాకా ఆగారు. 2015లో ఫలితం వచ్చింది. వెంటనే మొదలుపెట్టినవాళ్లలో పెద్ద జబ్బులు, చావులు 57 శాతం తగ్గాయి. బాగున్నవాళ్లకు కూడా మందు మేలు చేసిందన్నమాట. ఆ తర్వాతే, సీడీ4 ఎంతున్నా సరే హెచ్ఐవీ ఉన్న అందరికీ మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో 2017 నుంచి అదే పద్ధతి.

మధ్యలో ఆపితే? దాని మీద కూడా ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సీడీ4 బాగున్నప్పుడు మందు ఆపి, పడినప్పుడు మళ్లీ ఇచ్చి చూశారు. ఆపినవాళ్లలో జబ్బులు, చావులు పెరగడంతో 2006లో ఆ పద్ధతిని మధ్యలోనే నిలిపేశారు.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. రిపోర్టులో "నాట్ డిటెక్టెడ్" అని వస్తే వైరస్ పోయిందని కాదు. నిట్రాడు మీద చెదలు కనబడవు, కానీ నేలలో పుట్ట ఉంది. కొన్ని కణాల్లో వైరస్ దాక్కుని ఉంటుంది, మాత్ర అక్కడిదాకా అందదు. మాత్ర ఆపితే చాలామందికి కొన్ని వారాల్లోనే మళ్లీ పైకి వస్తుంది. పసరు మందు వేసుకున్నాకే రిపోర్టు బాగొచ్చింది అని ఇంగ్లీషు మందు మానేసినవాళ్ల గురించి విన్నాను. మన పసరు మందుల్ని నేను తక్కువ చెయ్యను, మా తాత ఇచ్చేవాడు. కానీ వైరల్ లోడ్‌ని దించేది ఆ మాత్రే. పసరు ఏదైనా వాడాలనుకుంటే డాక్టరుకు చెప్పి వాడండి, మాత్ర మాత్రం మానొద్దు.

ఇంకో మేలుంది. ఇది తెలిశాక నాకు కళ్లు తిరిగినంత పనైంది. 2011లో తొమ్మిది దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, 1,763 జంటలతో చేసిన అధ్యయనం ఫలితం వచ్చింది. ఒకరికి హెచ్ఐవీ ఉండి, ఇంకొకరికి లేని జంటలు వాళ్లు. ముందే మందు మొదలుపెడితే రెండోవాళ్లకు సోకడం 96 శాతం తగ్గింది. ఐరోపాలో 888 జంటలతో చేసిన ఇంకో అధ్యయనం 2016లో వచ్చింది. వైరల్ లోడ్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి, కండోమ్ లేకుండా కలిసినా, ఒక్కరికి కూడా సోకలేదు. అంటే మందు వేసుకుని లెక్క కనబడనంత కిందికి తెచ్చుకున్న మనిషి నుంచి కలయిక ద్వారా హెచ్ఐవీ సోకదు. పెళ్లి చేసుకోవచ్చు. పిల్లల్ని కనొచ్చు. మందు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే ప్రమాదం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. సరైన మందుతో 5 కంటే కిందికి వస్తుంది.

ఇక పల్లెం వేరు పెట్టడం, నీళ్ల కుండ ముట్టనివ్వకపోవడం, పండక్కి పిలవకపోవడం. తిండితో, నీళ్లతో, పక్కన కూర్చుంటే ఇది ఎప్పుడూ రాలేదు, రాదు. మనల్ని దూరం పెట్టినవాళ్లను మనం నిలదీస్తాం కదా. మన గూడెంలో మనమే ఒకర్ని దూరం పెడితే ఏ మొహంతో అడుగుతాం?

ఇప్పుడు హక్కుల సంగతి. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది, మొదలుపెట్టిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018 నుంచి వైరల్ లోడ్ పరీక్ష కూడా ఉచితం. మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏడాదికోసారి చెయ్యాలి. 1,000 దాటితే ఎందుకు దాటిందో కనుక్కోవాలి, మాత్రలు తప్పాయేమో మాట్లాడాలి, మళ్లీ పరీక్ష చెయ్యాలి, అవసరమైతే మందు మార్చాలి. తిట్టడానికి కాదు ఆ పరీక్ష.

హెచ్ఐవీ, ఎయిడ్స్ నిరోధక, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మీ ఒప్పుకోలు లేకుండా పరీక్ష చెయ్యకూడదు. మీ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. బడిలో, ఉద్యోగంలో, ఆస్పత్రిలో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదు. ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలో ఆంబుడ్స్‌మన్ ఉండాలి. ఇది దయ కాదు, చట్టం.

కాగితం మీద హక్కుకీ మన గూడేనికీ మధ్య వాగుంది, మీకు తెలుసు. మాత్ర కోసం ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, వాగు పొంగితే అసలు పోలేం. రక్తం తీస్తే ఒక రోజులోపే దాన్నుంచి ప్లాస్మా వేరు చేసి, చల్లగా ల్యాబుకు పంపాలి. అందుకే మన దగ్గర వైరల్ లోడ్ పరీక్ష వెనకబడుతుంది. దీనికి దారులున్నాయి, మనం అడగాలి. అట్ట కాగితం మీద రక్తపు చుక్కలు ఆరబెట్టి పంపే పద్ధతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. టీబీకి వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ మెషీన్ మీదే వైరల్ లోడ్ పరీక్ష కూడా చెయ్యొచ్చు. నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి మూడు నెలల మందులు ఇచ్చే పద్ధతి ఉంది. వానాకాలానికి ముందే ఆ మందులు మన చేతికి రావాలి. వినతిపత్రం రాసేటప్పుడు రోడ్డు, కరెంటు పక్కన ఇది కూడా రాయండి. ఎవరి పేరూ రాయకుండా ఊరందరి కోసం అడగొచ్చు.

మీలో ఎవరికైనా అనుమానం ఉంటే ఐసీటీసీకి పోండి. పరీక్ష ఉచితం, సంగతి బయటికి రాదు. ఎవరినీ అడగలేకపోతే 1097కి ఫోన్ చెయ్యండి, అదీ ఉచితమే. మందులు మానేసినవాళ్లు ఉంటే, సిగ్గు పడకుండా మళ్లీ పోండి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఈసారి పోయినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "నా వైరల్ లోడ్ ఎంత?" ఆ లెక్క మీది. తెలుసుకునే హక్కు మీది.

మా అన్న ఇప్పుడు రోజూ రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకుంటాడు. పోయిన పరీక్షలో వైరల్ లోడ్ కనబడలేదు. ఈ ఏడు మళ్లీ ఎడ్లు కొన్నాడు. మొన్న కలిసినప్పుడు నవ్వుతూ అన్నాడు: "ఇప్పుడు చెప్పు తమ్మీ, మన రక్తం గట్టిదేనా?"

"గట్టిదే అన్నా. మాత్ర వేసుకున్నంత కాలం" అన్నాను.

అప్పుడు ఇప్పచెట్టు కింద చెప్పాల్సిన మాట అది. ఆలస్యంగా చెప్పినందుకు మీ అందరి ముందు క్షమించమని అడుగుతూ,

జోహార్.